470 ఏళ్లు దాటినా మట్టిలో కలవని దేహం.. ఎవరీ ఫ్రాన్సిస్ శౌరి? శవ ప్రదర్శనలపై కేథలిక్ శ్రీసభ ఏమంటోంది?

తిరువూరు: శౌరి, శౌరయ్య, శౌరమ్మ, శౌరిబాబు.. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు మొదలుకుని కృష్ణా, గుంటూరు పల్లెల దాకా కేథలిక్ కుటుంబాల్లో ఈ పేర్లు ఎక్కువగా వినబడతాయి. ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసా? ఎక్కడో యూరప్‌లోని నవార్ అనే చిన్న రాజ్యంలో పుట్టిన ఓ వ్యక్తి నుంచి. జేవియర్ అన్న మాట తమిళనాట సవేరియార్ అయింది, తెలుగు నోట శౌరి అయింది. ఆయనే పునీత ఫ్రాన్సిస్ శౌరి. గోవాలో గాజు పెట్టెలో ఇప్పటికీ కనిపించే దేహం ఆయనదే.

2024 నవంబర్ 21 నుంచి 2025 జనవరి 5 వరకు ఆ దేహాన్ని మళ్లీ జనం దగ్గరగా చూసేలా ఉంచారు. లక్షల మంది క్యూ కట్టారు. మన వాళ్లకు గోవా కొత్తేం కాదు. విజయవాడ మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. అయితే చూసి వచ్చిన చాలామందికి ఒక డౌట్ వస్తుంది. చనిపోయిన మనిషిని పాతిపెట్టడం పుణ్యకార్యం అని చెప్పే చర్చే, ఒక మనిషి శరీరాన్ని ఇన్ని వందల ఏళ్లుగా గాజు వెనక ఎందుకు ఉంచింది? మ్యూజియాల్లో, ఎగ్జిబిషన్లలో శవాలు పెడితే వద్దంటున్న బిషప్‌లు ఇక్కడ ఎందుకు సరే అంటున్నారు? దీనికి సమాధానం కావాలంటే ముందు ఆయన జీవితం తెలియాలి. ఆ తర్వాత, చనిపోయాక ఆయన శరీరానికి ఏం జరిగిందో తెలియాలి.

కోట కూలింది.. చదువు మిగిలింది

1506 ఏప్రిల్ 7న నవార్‌లోని హావియెర్ కోటలో ఫ్రాన్సిస్ పుట్టారు. ఇంటిపేరుగా మారింది ఆ కోట పేరే. తండ్రి రాజు కొలువులో పెద్ద అధికారి. ఫ్రాన్సిస్‌కు ఆరేళ్ల వయసులో, 1512లో, స్పెయిన్ సైన్యం నవార్‌ను ఆక్రమించింది. 1515లో తండ్రి చనిపోయారు. అన్నలు పాత రాజు తరఫున కత్తి పట్టారు, ఓడిపోయారు. శిక్షగా కోట బురుజులను కూలగొట్టారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడైన ఫ్రాన్సిస్ కత్తి వదిలేసి పుస్తకం పట్టుకున్నారు.

1525లో పారిస్ యూనివర్సిటీకి వెళ్లారు. తెలివైన కుర్రాడు, మంచి ఉద్యోగం సంపాదించి ఇంటి పరువు నిలబెట్టాలన్నది ఆలోచన. హాస్టల్ గదిలో పియర్ ఫావ్ర్ అనే పేదింటి కుర్రాడు తోడయ్యాడు. కొన్నేళ్లకు అదే గదికి కుంటుతూ నడిచే ఓ నడివయసు మనిషి వచ్చారు. ఆయన యుద్ధంలో కాలు దెబ్బతిన్న మాజీ సైనికుడు, పేరు ఇగ్నేషియస్ లొయోలా. ఫ్రాన్సిస్ మొదట్లో ఆయన్ని పట్టించుకోలేదు. కానీ మెల్లగా మనసు మారింది. 1534 ఆగస్టు 15న పారిస్‌లోని మోంమార్త్ర్ గుట్ట మీద ఏడుగురు మిత్రులు కలిసి పేదరికంలో బతుకుతామని మొక్కుకున్నారు. తర్వాత జెస్విట్ సభగా పేరు పొందిన సంస్థకు అదే పునాది. 1537లో ఫ్రాన్సిస్ వెనిస్‌లో గురువుగా అభిషేకం పొందారు.

లిస్టులో లేని పేరు

ఇండియాకు గురువులను పంపాలని పోర్చుగల్ రాజు మూడో జాన్ కోరారు. నిజానికి ఇగ్నేషియస్ ఎంపిక చేసిన వాళ్లలో ఫ్రాన్సిస్ లేరు. వెళ్లాల్సిన బోబదీయా జబ్బు పడటంతో చివరి నిమిషంలో ఆ చాన్స్ ఫ్రాన్సిస్‌కు వచ్చింది. పెద్దగా సామాన్లు సర్దుకునే టైమ్ కూడా లేదు. 1541 ఏప్రిల్ 7న, సరిగ్గా 35వ పుట్టినరోజు నాడు, లిస్బన్‌లో ఓడ ఎక్కారు. మధ్యలో మొజాంబిక్‌లో నెలల తరబడి ఆగి, 1542 మే 6న గోవా చేరారు.

గోవాలో ఆయన మకాం ఆస్పత్రిలో. రోగుల దగ్గర, జైల్లో ఖైదీల దగ్గర, కుష్ఠు రోగుల దగ్గర ఎక్కువ సమయం గడిపేవారు. వీధుల్లో చేతిగంట వాయిస్తూ పిల్లల్ని పోగుచేసి ప్రార్థనలు నేర్పేవారు. కొన్ని నెలలకే తమిళ తీరానికి వెళ్లారు. అక్కడ ముత్యాల కోసం సముద్రంలో మునిగే పరవర్ల మధ్య పని చేశారు. తమిళం సరిగా రాదు. దుబాసీల సాయంతో ప్రార్థనలు తమిళంలోకి మార్పించుకుని, బట్టీ పట్టి, ఊరూరా చెప్పించేవారు. తిరువాంకూరు తీరంలో ఒక్క నెలలో 10 వేల మందికి పైగా జ్ఞానస్నానం ఇచ్చినట్టు ఆయన తన ఉత్తరాల్లో రాసుకున్నారు.

తెలుగువాళ్లతో ఎదురుపడింది ఇలా..

ఆయన తెలుగు నేల మీద పనిచేయలేదు. కానీ తెలుగువాళ్ల పేరు ఆయన ఉత్తరాల్లో ఉంది. అదీ మంచి సందర్భంలో కాదు. 1544లో విజయనగర పాలన కింద ఉన్న సేనలు దక్షిణ తీరం మీద పడ్డాయి. వాళ్లను అక్కడి జనం వడుగర్ అనేవాళ్లు. వడుగర్ అంటే ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, ముఖ్యంగా తెలుగువాళ్లు. పరవర్లు ఇళ్లు వదిలి కన్యాకుమారి దగ్గర రాతి గుట్టల్లో, ఎండలో, తిండీ నీళ్లూ లేకుండా తలదాచుకున్నారు. ఫ్రాన్సిస్ పడవల్లో ఆహారం వేసుకుని వాళ్ల దగ్గరకు బయల్దేరారు. అలాంటి మనిషి పేరునే తర్వాతి కాలంలో తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లలకు పెట్టుకున్నారు.

1545లో మైలాపూర్‌లో కొన్ని నెలలున్నారు. అక్కడి నుంచి మలక్కా, ఆ తర్వాత ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవులు. 1549 ఆగస్టు 15న జపాన్‌లోని కగోషిమాలో అడుగుపెట్టారు. అక్కడ రెండేళ్లకు పైగా ఉన్నారు.

ఆయన జీవితంలో వివాదం లేదనుకుంటే పొరపాటే. గోవాకు ఇంక్విజిషన్ కోర్టు కావాలని పోర్చుగల్ రాజుకు రాసినవాళ్లలో ఆయన ఒకరు. ఆయన చనిపోయాక, 1560లో అది మొదలైంది. 1812 దాకా సాగిన ఆ కోర్టు వల్ల మతం మారినవాళ్లు, హిందువులు, యూదు మూలాలున్నవాళ్లు ఎన్నో బాధలు పడ్డారు. మరోవైపు స్థానికులను దోచుకుంటున్న పోర్చుగీసు అధికారులపై రాజుకే ఘాటుగా ఫిర్యాదు చేసింది కూడా ఆయనే. గోవాలో ఈ రోజుకీ ఆయన పేరు చుట్టూ జరిగే గొడవలకు ఈ చరిత్రే కారణం.

దీవిలో ఒంటరి చావు

జపాన్ తర్వాత ఆయన చూపు చైనా మీద పడింది. బయటివాళ్లకు ఆ దేశంలోకి ప్రవేశం లేదు. రాయబార బృందంతో వెళ్దామనుకుంటే మలక్కాలోని పోర్చుగీసు కెప్టెన్ అడ్డుకున్నారు. చివరికి చైనా తీరానికి ఎదురుగా ఉన్న షాంగ్‌చువాన్ దీవికి చేరారు. దొంగచాటుగా దాటిస్తానని ఒప్పుకున్న వ్యాపారి పడవ కోసం ఎదురుచూశారు. ఆ పడవ రానే లేదు. జ్వరం వచ్చింది. 1552 డిసెంబర్ 3 తెల్లవారుజామున తాటాకుల పాకలాంటి గుడిసెలో కన్నుమూశారు. వయసు 46. చివరి క్షణాల్లో పక్కన ఉన్నది ఆంటోనియో అనే చైనా యువకుడు.

సున్నం వేసింది కుళ్లాలని.. జరిగింది వేరు

అసలు కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. శవపేటికలో మూటల కొద్దీ సున్నం పోసి ఆయన్ని పాతిపెట్టారు. ఎందుకంటే మాంసం త్వరగా కరిగిపోతే ఎముకలను ఓడలో తీసుకెళ్లొచ్చని. రెండు నెలల తర్వాత, 1553 ఫిబ్రవరిలో, ఓడ బయల్దేరే ముందు తవ్వి చూస్తే శరీరం చెక్కుచెదరలేదు. దాన్ని మలక్కా తీసుకెళ్లి చర్చిలో మళ్లీ పాతిపెట్టారు. ఈసారి పెట్టె లేదు. గొయ్యి కూడా పొట్టిగా తవ్వడంతో తల వంచి పడుకోబెట్టాల్సి వచ్చింది, మెడ దెబ్బతింది. ఆగస్టులో మళ్లీ పైకి తీశారు. 1554 మార్చిలో గోవా చేర్చారు. తీరానికి జనం పోటెత్తారు.

వైద్యులు పరీక్షించి, పరిమళ ద్రవ్యాలతో భద్రపరిచిన ఆనవాళ్లు లేవని రాశారు. భక్తులు దాన్ని అద్భుతం అన్నారు. సున్నం కుళ్లడాన్ని వేగవంతం చేయదని, చాలాసార్లు నెమ్మదింపజేస్తుందని ఈ కాలపు ఫోరెన్సిక్ ప్రయోగాలు చెబుతున్నాయి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. శరీరం చెడకపోతే పునీతుడైపోరు. ఆ ఒక్క కారణంతో పునీత పట్టం ఇవ్వరు. జీవించిన తీరు చూస్తారు, అద్భుతాలను వేరుగా విచారిస్తారు. ఫ్రాన్సిస్‌ను 1619లో ధన్యుడిగా, 1622 మార్చి 12న పునీతుడిగా ప్రకటించారు. అదే రోజు ఆయన గదిలో ఉండిన ఇగ్నేషియస్‌కు కూడా పునీత పట్టం దక్కింది.

వేలు కొరికారు.. చెయ్యి కోశారు

ప్రేమ ఎక్కువైతే ఏమవుతుందో ఆ శరీరమే సాక్ష్యం. గోవాలో మొదట దర్శనానికి పెట్టినప్పుడు ఓ పోర్చుగీసు మహిళ పాదాన్ని ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి, కాలి వేలు కొరికి పట్టుకుపోయిందని తరతరాలుగా చెబుతారు. 1614లో జెస్విట్ అధిపతి క్లాడియో అక్వావివా ఆదేశంతో కుడి ముంజేతిని కోసి రోమ్‌కు పంపారు. అది ఇప్పటికీ అక్కడి జేసు చర్చిలో ఉంది. మిగిలిన పై చేతి ఎముక జపాన్ కోసం బయల్దేరి మకావులో ఆగింది. వేల మందికి జ్ఞానస్నానం ఇచ్చిన చెయ్యి కాబట్టి అందరికీ అదే కావాల్సి వచ్చింది. 2018లో ఆ ముంజేతిని కెనడాకు తీసుకెళ్లినప్పుడు విమానంలో దానికి ప్రత్యేకంగా ఒక సీటు బుక్ చేశారు. ఆ వార్త అప్పట్లో వైరల్ అయింది.

1624లో దేహాన్ని ఓల్డ్ గోవాలోని బాం జీసస్ చర్చికి మార్చారు. 1636-37లో గోవా కంసాలులు వెండి పెట్టె చేశారు. ఇటలీలోని టస్కనీ పాలకుడు మూడో కోసిమో మెదిచి పాలరాతి సమాధి పంపితే 1698లో అమర్చారు. శరీరం పాడవుతోందని 18వ శతాబ్దం మొదట్లో పెట్టె తెరవడం ఆపేశారు. 1759లో పోర్చుగల్ ప్రభుత్వం గోవా నుంచి జెస్విట్లను వెళ్లగొట్టింది. వాళ్లు పోతూ పోతూ అసలు దేహాన్ని తీసుకెళ్లిపోయారని పుకారు లేచింది. ఆ పుకారును ఆపడానికి 1782లో అందరి ముందు పెట్టె తెరిచారు. ఇప్పుడు దాదాపు పదేళ్లకోసారి జరిగే బహిరంగ దర్శనాల పరంపర అక్కడి నుంచే మొదలైంది. 2024లో జరిగింది 18వది. ఒకప్పుడు పాదాలను నేరుగా ముద్దు పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు గాజును దాటి చెయ్యి పోదు. దేహం ఎండిపోయి, చాలా చోట్ల ఎముకలు బయటపడి కనిపిస్తుంది.

శ్రీసభ లెక్క ఏంటి?

కేథలిక్ బోధన ప్రకారం శరీరం ఆత్మకు తొడిగిన చొక్కా కాదు. చనిపోయినా అది ఆ మనిషిదే, చివరి రోజున మళ్లీ లేస్తుంది. అందుకే చనిపోయినవాళ్లను పాతిపెట్టడం ఏడు కరుణా కార్యాల్లో ఒకటి. దహనం చేయించుకోవచ్చు, కానీ చితాభస్మాన్ని వెదజల్లడం, నగల్లో పెట్టుకోవడం కుదరదని 2016లో వాటికన్ స్పష్టం చేసింది. పోస్టుమార్టంకు, సైన్స్ పరిశోధనకు అడ్డు లేదు. అవయవదానాన్ని గొప్ప పని అంటుంది.

మరి పునీతుల దేహాల సంగతేంటి? తొలి శతాబ్దాల్లో క్రైస్తవులు రోమ్‌లో వేదసాక్షుల సమాధుల దగ్గర పూజ చేసుకునేవాళ్లు. ఆ అలవాటే అవశేషాల గౌరవంగా మారింది. 1563లో ట్రెంట్ మహాసభ దాన్ని సమర్థించింది. అదే సమయంలో ఆ పేరుతో డబ్బు గుంజడాన్ని ఆపాలని ఆదేశించింది. అంతకు చాలా ముందే, 1299లో, శవాలను ముక్కలు చేసి ఉడకబెట్టి ఎముకలు తీసుకెళ్లే ఆచారాన్ని పోపు ఎనిమిదో బోనిఫేస్ నిషేధించారు. ఇప్పటి శ్రీసభ చట్టంలో అవశేషాలను అమ్మడం పూర్తిగా నిషేధం. పెద్ద అవశేషాలను రోమ్ అనుమతి లేకుండా కదిలించకూడదు. 2017 డిసెంబర్‌లో వచ్చిన వాటికన్ ఉత్తర్వు మరో అడుగు ముందుకేసింది. అనుమతి లేకుండా దేహాన్ని ముక్కలు చేయకూడదు, వారసుల సమ్మతి తీసుకోవాలి, ప్రార్థనకు సంబంధం లేని చోట్ల ప్రదర్శించకూడదు.

ఈ రూల్స్ చదువుతుంటే ఫ్రాన్సిస్ శౌరి దేహమే గుర్తొస్తుంది. కొరికిన వేలు, కోసిన చెయ్యి, పుకార్ల కోసం తెరిచిన పెట్టె.. భక్తి హద్దు దాటితే ఏం జరుగుతుందో ఆయన శరీరం మీదే రాసి ఉంది. చూపించమని ఆయన ఎవరినీ అడగలేదు. చైనా తీరంలో అనామకంగా చనిపోయిన మనిషి ఆయన.

ఎగ్జిబిషన్ శవాలకు ఎందుకు నో?

జర్మన్ శాస్త్రవేత్త గుంథర్ ఫాన్ హాగెన్స్ 1977లో ప్లాస్టినేషన్ అనే పద్ధతి కనిపెట్టారు. శరీరంలోని నీరు, కొవ్వు తీసేసి ప్లాస్టిక్ ఎక్కిస్తారు. అలాంటి దేహాలతో 1995లో జపాన్‌లో మొదలైన బాడీ వరల్డ్స్ ప్రదర్శన ప్రపంచమంతా తిరిగింది. తన దగ్గరున్నవి ఇష్టపూర్వకంగా దానం చేసినవాళ్లవేనని ఆ సంస్థ చెబుతుంది. దానికి పోటీగా అమెరికాలో మరో ప్రదర్శన వచ్చింది. అందులోని దేహాలు చైనా నుంచి తెచ్చినవి. అవి ఎవరివో, ఎలా చనిపోయారో తాము నిర్ధారించలేమని బోర్డు పెట్టాలంటూ 2008లో న్యూయార్క్ రాష్ట్రం ఆ కంపెనీతో ఒప్పందం చేయించింది.

అదే ఏడాది సిన్సినాటీ ఆర్చిబిషప్ డేనియల్ పిలార్చిక్ తమ కేథలిక్ స్కూళ్ల పిల్లలను ఆ ప్రదర్శనకు ఫీల్డ్ ట్రిప్‌గా తీసుకెళ్లొద్దని సూచించారు. అయితే కేథలిక్కులందరిదీ ఒకే మాట కాదు. దాత ఒప్పుకుని, చదువు కోసం, మర్యాదగా చూపిస్తే తప్పేంటన్నవాళ్లూ ఉన్నారు. బంతి ఆడుతున్నట్టు, గుర్రం ఎక్కినట్టు శవాన్ని నిలబెట్టి టికెట్ అమ్మడం చదువు కాదు, తమాషా అన్నవాళ్లూ ఉన్నారు. రెండు వర్గాలూ అడిగే ప్రశ్నలు మాత్రం ఒకటే. ఆ మనిషి ఒప్పుకున్నాడా? అతనికో పేరుందా? చూసేవాళ్లు ఎందుకు చూస్తున్నారు? డబ్బు ఎవరికి పోతోంది? చివరికి అతన్ని పాతిపెడతారా?

గోవాలో పేరుంది, ప్రార్థన ఉంది, దర్శనం అమ్మకానికి లేదు. ఆయన దేహం ఉండేది సమాధిలోనే, పదేళ్లకోసారి కొన్ని వారాలే కిందికి దించుతారు. కానీ సమ్మతి అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆయన విషయంలోనూ సమాధానం లేదు. ఆ వెలితిని కాదనకుండా ఒప్పుకున్నందుకే, తర్వాతి కాలంలో నియమాలు ఇంత కఠినం అయ్యాయని అనుకోవచ్చు.

మన హైదరాబాద్‌లోనూ..

ఈ చర్చ మనకు దూరమేం కాదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో సుమారు 2,500 ఏళ్ల నాటి ఈజిప్టు మమ్మీ ఉంది. ఓ యువతిదని చెబుతారు. ఏడో నిజాం కాలంలో, 1930 ప్రాంతంలో మ్యూజియంకు చేరింది. స్కూలు పిల్లలు క్యూలో నిలబడి చూసి, సెల్ఫీ కోసం తోసుకునే చోటు అది. ఆమెకూ ఒక తల్లి ఉండేది, ఆమెకూ అంత్యక్రియలు చేశారు. సమాధిలో ఉండాలని పాతిపెట్టినవాళ్ల కోరిక. పైన చెప్పిన ప్రశ్నలు ఆమె గాజు పెట్టె ముందు నిలబడి అడిగినా అంతే బరువుగా ఉంటాయి.

ఇక 2024 అక్టోబర్‌లో, దర్శనానికి కొన్ని వారాల ముందు, గోవాలో దేహానికి డీఎన్ఏ పరీక్ష చేయాలన్న డిమాండ్ రావడంతో నిరసనలు, కేసులు, రాస్తారోకోలు జరిగాయి. ఒకరికి అది చరిత్ర ప్రశ్న, ఇంకొకరికి తమ తాతను సమాధి నుంచి లాగినట్టు. 1782లో పుకారు, 2024లో డీఎన్ఏ.. ఆ శరీరం సొంతంగా ఏమీ మాట్లాడకపోయినా ప్రతి తరం దానితో తన గొడవ తాను తేల్చుకోవాలని చూస్తూనే ఉంది.

డిసెంబర్ 3 ఆయన పండుగ. శౌరి పేరున్న ఇళ్లలో ఆ రోజు పేరు పండుగ కూడా. గోవా వెళ్లలేనివాళ్లు తమ ఊరి గుడిలోనే కొవ్వొత్తి వెలిగిస్తారు. అందుకు అవశేషం ఏదీ అక్కర్లేదు. వెళ్లేవాళ్లు మాత్రం గాజు దగ్గర నిలబడే ఆ కొన్ని సెకన్లలో ఫోన్ జేబులో పెట్టి, అక్కడ పడుకుని ఉన్నది ఒక మనిషి అని గుర్తుంచుకుంటే చాలు. శ్రీసభ ఇన్ని శతాబ్దాలుగా రాసుకుంటూ వచ్చిన నియమాలన్నీ చివరికి అడుగుతున్నది ఆ గౌరవమే.